మొజాయిక్

పొద్దున్నే ఆ మందు కాచుకోవడం కూడా నా పనే. బొల్లాపల్లి నుంచి తెప్పించిన చెట్టు వేళ్ళను ముందురోజే నానబెట్టి, లేవగానే రెండు గ్లాసుల నీళ్ళు పోసి ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించాలి. పక్క పొయ్యి మీద టీ, ఆ తర్వాత రఫీక్‌కు టిఫిన్, నాకు క్యారేజీ. మందు వడగట్టేటప్పుడు మా అత్త నజీమా వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తుంది. "మడ్డితో సహా తాగు. పైపైన తాగితే కరగదు," అంటుంది. కరగవలసింది నా గర్భసంచి. అది గచ్చులాగా గట్టిపడిపోయిందని మా వీధిలో అందరికీ తెలుసు. గట్టిపడలేదని తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకరు నేను. రెండోవాడు రఫీక్, నా భర్త.

ఇలాంటి పొరపాటు మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగదేమో. మా మామ నూర్ మొహమ్మద్ మొజాయిక్ మేస్త్రి. నరసరావుపేటలో నలభై ఏళ్ళ కిందటి ఇళ్ళలో సగం గచ్చులు ఆయన పోసినవేనని అత్త చెబుతుంది. రంగురాళ్ళ ముక్కల్ని సిమెంటులో కలిపి పరిచి, వారం రోజులు నీళ్ళు కట్టి, గట్టిపడ్డాక మిషన్‌తో అరగదీసేవాడు. నీళ్ళు మోసి కట్టింది అత్త. గచ్చు మాత్రం మామదే అన్నారు అందరూ. ఆయన పోయాక రఫీక్ టైల్స్ పనిలోకి మారాడు. అయినా ఆ ఇంట్లో మొజాయిక్ అనే మాటకు ఈనాటికీ ఒకటే అర్థం.

గుంటూరు ఆసుపత్రిలో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకూ గచ్చే గుర్తొచ్చింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. నాకు ముప్పై ఆరు. అండాలు తీసి, ల్యాబ్‌లో కలిపి, ఐదు రోజులు పెంచారు. ఆ ఐదు రోజులూ నేను రొంపిచర్ల బడిలో ఏడో తరగతికి భిన్నాలు చెప్పాను. రోజూ ఇంటర్వెల్‌లో ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చేది. మూడో రోజు, ఎనిమిది కణాలు. స్టాఫ్ రూంలో దాన్ని చదువుకుని, ఫోన్ బోర్లించి పెట్టి, కాపీలు దిద్దేదాన్ని. చివరికి నాలుగు పిండాలు మిగిలాయి. ఒక్కోదాని నుంచి కొన్ని కణాలు తీసి క్రోమోజోముల పరీక్షకు పంపారు. రెండు పూర్తిగా పనికిరావన్నారు. రెండు మొజాయిక్.

ల్యాబ్‌లో పిండాలను చూసుకునే భవ్య అనే అమ్మాయి మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. నా కంటే పదేళ్ళు చిన్నది. పాఠం చెప్పడం తెలిసిన మనిషి.

"తప్పు అండంలోనో వీర్యకణంలోనో ఉంటే మామూలుగా అన్ని కణాల్లోనూ కనిపించాలి మేడం. ఈ రెండింటిలో కొన్ని కణాలు బాగున్నాయి, కొన్ని బాగాలేవు. కలగలుపుగా ఉన్నాయి కాబట్టి మొజాయిక్ అంటాం. అంటే అండం, వీర్యకణం కలిశాక, కణం రెండుగా చీలేటప్పుడు ఎక్కడో లెక్క తప్పింది."

"ఎందుకు తప్పుతుంది?" అని అడిగాను.

"చాలా కారణాలు ఉండొచ్చు. ఆ ఐదు రోజులు అవి మా దగ్గర ఉన్నాయి. గర్భంలో ఆక్సిజన్ తక్కువ, బయట గాలిలో ఎక్కువ. అందుకే ఇంక్యుబేటర్‌లో తగ్గించి పెడతాం. వేడి, అవి పెరిగే ద్రవం, అందులోని ఆమ్లం కొంచెం అటూ ఇటూ అయినా ప్రభావం ఉండొచ్చని పరిశోధనలు అంటున్నాయి. ఎంత ప్రభావమో ఇంకా తేలలేదు. మీ విషయంలో అదే కారణమని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను."

"మరి నా గర్భసంచి?"

"దాని సంగతే రాదు మేడం. ఈ పిండాలు ఇంకా అక్కడికి వెళ్ళలేదు కదా."

రఫీక్ నా పక్కనే ఉన్నాడు. తల ఊపాడు. ఇలాంటి పిండాలు ఒక్కోసారి ఆరోగ్యంగా పుడతాయని డాక్టరు చెబితే, ఒకదాన్ని పెట్టించుకోవడానికి ఇద్దరం సంతకాలు చేశాం. అది తొమ్మిది వారాలు ఉంది. ఏడో వారంలో గుండె చప్పుడు విన్నాను. తొమ్మిదో వారంలో స్కాన్ చేసిన డాక్టరు తెరను తనవైపు తిప్పుకుంది. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

సెలవు చీటీలో కారణం రాయాలి. "ఉన్నది ఉన్నట్టు రాస్తే సెలవు ఎక్కువ రోజులు వస్తుంది గానీ మేడం, చీటీ నాలుగు చేతులు మారుద్ది. జ్వరం అని రాయండి," అన్నాడు హెడ్మాస్టరు. మంచికే చెప్పాడు. జ్వరం అని రాశాను. జ్వరానికి మూడు రోజులే. నాలుగో రోజు బడిలో నిలబడి పాఠం చెప్పాను.

ఆ మూడు రోజుల్లోనే, గర్భం ఎందుకు నిలబడలేదని అత్త రఫీక్‌ను అడిగింది. నేను మంచం మీద ఉన్నాను, తలుపు తీసే ఉంది. "ఏందో మొజాయిక్ అన్నారమ్మా," అని, తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. అంతే అతను చెప్పింది. అబద్ధం కాదు. మిగతాది అత్త తనకు తెలిసిన పనిని బట్టి తనే కట్టుకుంది. మొజాయిక్ పోసిన చోట గడ్డిపోచ కూడా మొలవదు. నీళ్ళ పంపు దగ్గర చెప్పింది, పెళ్ళిళ్ళలో చెప్పింది. "తొమ్మిదేళ్ళు ఖాళీగా ఉంటే గట్టిపడదా మరి," అని జాలిగా కూడా చెప్పింది. స్నానం చేసి వచ్చిన రఫీక్ ఆ మాటను దిద్దలేదు. మరునాడు దిద్దుతాడనుకున్నాను. నాలుగు నెలలయింది.

నేనెందుకు దిద్దలేదు? ఈ ప్రశ్న నాకు నేను వేసుకున్నాను. పిల్లలు బోర్డు మీద తప్పు రాస్తే నేను చెరపను, ఎవరు రాశారో వాళ్ళ చేతే చెరిపిస్తాను. ఇంట్లోనూ అలాగే ఎదురుచూశాను కాబోలు. లేదా ఏడవకుండా ఆ వివరాలన్నీ చెప్పగలనన్న నమ్మకం లేక మందు తాగడమే తేలిక అనిపించిందేమో. రెండూ నిజమే.

మిగిలిన ఒక్క పిండానికి వచ్చే నెల తేదీ ఇచ్చారు. నర్సు ఫోన్ చేసి, నాటు మందులేవీ తాగకూడదని, తాగుతుంటే వెంటనే ఆపాలని చెప్పింది. ఆ సాయంత్రం రఫీక్‌కు చెప్పాను. "అత్తమ్మకు అసలు సంగతి మీరే చెప్పండి."

అతను షూ లేసులు విప్పుతూ అన్నాడు. "చెబితే, మరి తప్పు ఎవరిది అని అడిగిద్ది. ల్యాబోళ్ళా, నువ్వా, నేనా? ఎవరని చెప్పను? నా దాకా వచ్చిద్ది. నువ్వయితే అలవాటు పడ్డావు గదా."

అతని గొంతులో కోపం లేదు. ఉన్న విషయం చెప్పినట్టే చెప్పాడు.

మర్నాడు ఆదివారం. పక్కింటి శాంతమ్మ గోడ మీదుగా కరివేపాకు అడుగుతూ, "ఏందమ్మాయ్, గచ్చు కరిగిందా లేకపోతే మిషనోణ్ణి పిలిపించమంటావా?" అంది. అత్త నవ్వింది. నేను కరివేపాకు తుంచి ఇచ్చి లోపలికి వచ్చాను. అత్తను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, భవ్య చెప్పిన మాటలన్నీ మొదటి నుంచి, నర్సు మందు ఆపమన్నదాకా చెప్పాను. ఏడుపు రాలేదు.

అంతా విన్నాక అత్త అడిగింది. "అయితే మొజాయిక్ నీ కడుపు కాదా?"

"కాదత్తమ్మా. మీరు కలిపేవాళ్ళే, నల్లరాయి తెల్లరాయి. ఆ పిండంలో కణాలు అలా కలిసి ఉన్నాయి. అప్పటికి అది నా కడుపులోకే రాలేదు."

"ఈ సంగతి వాడికి ఎరికేనా?"

"పక్కనే కూర్చుని విన్నారు."

అత్త మందు గిన్నె మీద మూత పెట్టింది. మామ గచ్చులకు వారాల తరబడి నీళ్ళు మోసిన మనిషి, నా వైపు వస్తుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది కూడా. "పొరపాటయిందే అమ్మాయ్. అయినా వాణ్ణేం అనబాక. మగోడు, నామోషీ పడతాడు. నలుగురికీ చెప్పుకున్నాం గదా, ఈ నెలాఖరుదాకా తాగు. తాగినట్టు నటించినా చాలు. పిల్ల పుట్టాక మందుకే పేరొచ్చిద్ది, గొడవ ఉండదు."

తెలియక అన్నన్ని రోజులు నేను ఓర్చుకోగలిగాను. ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలిసింది. తెలిసే నా కడుపును గచ్చుగా ఉంచమంటున్నారు. రేపు పుట్టే బిడ్డ పెరగబోయేది కూడా ఈ గాలిలోనే. ఆ బిడ్డకు ఏం జరిగినా తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళేవాడొకడు, గొడవ లేకుండా సర్దేసేవాళ్ళొకరు. ఆ ఐదు రోజుల గురించి భవ్యకు తెలిసినంత కూడా ఈ ఇంట్లో ఎవరూ తెలుసుకోవాలనుకోలేదు.

సోమవారం బడి గేటు దగ్గర నిలబడి భవ్యకు ఫోన్ చేశాను. తేదీ వాయిదా వేయమన్నాను. ఫ్రీజ్ చేసిన పిండం ఏళ్ళయినా పాడు కాదు, కంగారు లేదంది. ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గించి అడిగింది. "స్కాన్‌లో గర్భసంచి పొర చక్కగా ఉందని రాశారు మేడం. ఒంట్లో ఏమైనా బాగాలేదా?"

"నేను సిద్ధంగానే ఉన్నానమ్మా," అన్నాను. "ఇల్లు ఇంకా సిద్ధంగా లేదు."