నదిని అప్పగించిన రోజు

పొద్దున్నే సువర్చల ఆఫీసు గదిలోకి ఒక వంతెన వచ్చి, క్లయింట్లు కూర్చునే కుర్చీలో కూర్చుంటుంది. గేటు దగ్గర వంగి, గుమ్మం దగ్గర పక్కకి తిరిగి, ఎక్కడా గోడ సున్నం రాలకుండా వస్తుంది. దాని స్తంభాలు మోకాళ్లలా ముడుచుకుని ఉన్నాయి. ఇంకా పచ్చి కాంక్రీటు కాబట్టి ఒంటినిండా తడి గోనెసంచులు కప్పుకుంది.

దాన్ని కట్టిన కాంట్రాక్టరు అప్పలసూరి చెప్పులు బయట విడిచి వెనకే వస్తాడు.

“నాను తేలేదమ్మా. అదే వచ్చీసింది. సాయంత్రానికి కూల్చేత్తారని తెలిసిపోనాది దానికి.”

సువర్చల ప్రభుత్వ కాంట్రాక్టుల లాయరు. పెళ్లైన కొత్తలో మొదలుపెట్టిన ప్రాక్టీసు, జుట్టు నెరిసేదాకా అదే పని. ఆమె వాదించి నిలబెట్టిన చెరువు తూములున్నాయి, హాస్టలు భవనాలున్నాయి, ఘాట్ రోడ్లున్నాయి. వాటిలో ఒక్కదాన్నీ ఆమె కళ్లతో చూడలేదు. వంతెన ఇంత పెద్దదని, దగ్గరగా కూర్చుంటే దాని లోపల ఊపిరిలాంటి చప్పుడు ఉంటుందని ఆమెకి ఇప్పుడే తెలుస్తోంది. కలం పక్కన పెట్టి, చేతులు ఎక్కడ ఉంచుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంటుంది.

లోపల్నుంచి అత్తగారు సీతారావమ్మ తొంగి చూస్తుంది.

“తడిబట్టలతో కూర్చోబెట్టావేమిటే? జలుబు చెయ్యదూ? కాఫీ పెట్టనా, మజ్జిగ తాగుతుందా?”

“ఆరితే బీటలు వారుతుందత్తయ్యా. నీళ్లు పొయ్యండి చాలు.”

అత్తగారు చెంబుతో నీళ్లు తెచ్చి, పసిపిల్లకి పోసినట్టు అరచెయ్యి అడ్డంపెట్టి పోస్తుంది. వంతెన ఒకసారి వణికి సర్దుకుంటుంది.

తగాదా చిన్నదే. వంతెనని చింతలగెడ్డ అనే చిన్న వాగు మీద కట్టారు. ఒప్పందంలో మాత్రం నీలవేణి నది మీద అని ఉంది. నీలవేణి ఎక్కడో వేరే జిల్లాలో పారుతుంది. కొత్త పనికి కొత్త ఒప్పందం రాసే ఓపిక ఇంజనీర్ల ఆఫీసులో ఎవరికీ లేదు. పాతది తీసి, పేర్లు మార్చి, సంతకాలు పెట్టించడం అక్కడి ఆనవాయితీ. ఈసారి అన్నీ మార్చి నదిని మర్చిపోయారు. రాసిన చోట లేదు కాబట్టి ఇది అక్రమ కట్టడం, కూల్చాల్సిందే అంటున్నారు శాఖ వాళ్లు.

ఈరోజే ఉన్న విచారణకి నడిచే వెళతారు. వంతెన ముందు నడుస్తుంది. ఎదురొచ్చే బస్సులు దాని మీదకి ఎక్కి, దిగి, మర్యాదగా హారన్ కొట్టి వెళ్లిపోతాయి. వంతెనని చూసి విచారణ హాలు రెండు పక్కలకీ జరిగి చోటిస్తుంది.

మధ్యవర్తిగా కూర్చున్న రిటైర్డు జడ్జీ గారు కళ్లజోడు తుడుచుకుంటారు. “ఒప్పందంలో అక్షరం మార్చే అధికారం నాకు లేదమ్మా. అందులో ఉన్నది నీలవేణి. మీరు కట్టింది గెడ్డ మీద. ఏమంటారు?”

“కూల్చే మిషన్లు బయల్దేరాయి సార్,” అంటారు ప్రభుత్వం తరఫున వచ్చిన పెద్ద ఇంజనీరు, ఈ.ఈ. పట్నాయక్ గారు.

వంతెన గోనెల్ని ఇంకా దగ్గరికి లాక్కుంటుంది. దాని చల్లటి కమ్మీ ఒకటి సువర్చల భుజానికి ఆనుతుంది.

“మార్చమని నేనూ అడగడం లేదు సార్,” అంటుంది సువర్చల. “రాసింది రాసినట్టే జరగాలి. పని జరిగే చోటుని కాంట్రాక్టరుకి అప్పగించాల్సింది శాఖ వాళ్లు. ఆ చోటు నీలవేణి నది. మా వాళ్లు వంతెన కట్టారు. వీళ్లు నదిని అప్పగించలేదు.”

జడ్జీ గారు ఒప్పందం కాగితాలు తిరగేస్తారు. “న్యాయంగానే ఉంది. పట్నాయక్ గారూ, నది ఏదీ?”

“స్టోర్సులో ఉందేమో చూడాలి సార్.”

“సూడండి బాబూ, సూడండి,” అంటాడు అప్పలసూరి. “సిమెంటు అడిగినప్పుడూ ఇదే మాట.”

ముందు తడిమట్టి వాసన వస్తుంది, అందరూ హాలు బయటికి వస్తారు. తర్వాత అటెండర్లు వరసగా, పెళ్లిపందిట్లోకి తివాచీ మోసినట్టు, చుట్టచుట్టిన నదిని భుజాల మీద మోసుకొస్తారు. ఎదురుగా ఉన్న మైదానంలో దింపి, ఒక కొస పట్టుకుని దొర్లిస్తారు. ఇసుక తిన్నెలు, చాకిరేవు బండలు, కదలడం ఇష్టంలేని కొంగలు, తెడ్డు వేస్తున్న పడవవాడు, అన్నీ దానితోపాటే పరుచుకుంటాయి. వెనకే నీలవేణి పారే జిల్లా ఆడవాళ్లు బిందెలతో వస్తారు.

“మా యేరు కదలగానే మేమూ కదిలాం,” అంటుంది వాళ్లలో పెద్దావిడ. “నీళ్లకి మేం కావాలో మాకు నీళ్లు కావాలో ఎవరికి తెలుసమ్మా?”

మైదానం నిండిపోయినా నది ఇంకా పరుచుకుంటూనే ఉంటుంది. అవతలి గట్టు కనపడదు. అప్పలసూరి నీళ్లు కళ్లకద్దుకుని అలాగే నిలబడిపోతాడు.

“ఇంత నీరేటి తల్లీ! నా వంతెన గెడ్డకి కట్టింది. సాలదు.”

మిషన్లు వీధి మలుపు తిరుగుతాయి. వాటి ఇనుప పళ్లు ఎండలో మెరుస్తాయి.

“వంతెన నది మీద ఉందా, లేదా?” అని అడుగుతారు జడ్జీ గారు. “అంతవరకే నేను చూసేది.”

సువర్చల వంతెన మీద చెయ్యి వేస్తుంది. వంతెన గోనెల్ని విదిలించుకుని, నీళ్లలోకి దిగి, నడుస్తుంది. మోకాలి లోతు, నడుము లోతు. ఇంకో అడుగు వేస్తే మునుగుతుంది.

అప్పుడు నది లేచి నిలబడుతుంది.

నిద్రపోతున్న మనిషి లేచినట్టు, ముందు ఒక చెయ్యి ఆనించి, తర్వాత మెల్లగా లేస్తుంది. చుక్క నీరు కింద పడదు. పడుకున్నప్పుడు అవతలి గట్టు కనపడనంత వెడల్పు, నిలబడితే సన్నటి నడుము. వంతెన గాలిలోకి లేచి ఆ నడుము చుట్టూ తిరిగి, కొసని కొసలో తగిలించుకుంటుంది. వడ్డాణం సరిగ్గా సరిపోతుంది.

“ఉంది,” అంటారు జడ్జీ గారు, గొంతు తగ్గించి. మిషన్లు ఇంజన్లు ఆపేస్తాయి.

ఆడవాళ్లు నది ఇసుక తిన్నెల మీదుగా వంతెన ఎక్కి, నిలువు నీళ్లలో బిందెలు ముంచుకుంటున్నారు. సువర్చల చెప్పులు విడిచి, తను వాదించి నిలబెట్టినదాని మీదకి మొదటిసారి, వాళ్ల వెనకే ఎక్కుతుంది. పచ్చి కాంక్రీటు పాదాల కింద చల్లగా ఉంది. ఆమె ఎదురుగా, నీటి గోడలో, పడవవాడు నిట్టనిలువుగా పైకి తెడ్డు వేసుకుంటూ వెళుతున్నాడు. బాగా పైకి చేరి, అడ్డొచ్చిన మబ్బుని తెడ్డుతో పక్కకి తోస్తాడు. దాని వెనక నది ముఖం ఉంది. అది ఆమె వైపు వంగుతోంది.