కాలవకు అటొకరు ఇటొకరు

వాసవాంబ భర్త పోయిన ఏడాదే ఆమె తమ్ముడు భాస్కరయ్య నంద్యాలకు పోయి, అక్కను ఆళ్లగడ్డలో తన ఇంటికి పిల్చుకొచ్చినాడు. ఎనభై ఒకటో సంవత్సరం అది. భాస్కరయ్యది బియ్యపంగడి. పిల్లల్లేరు, ఇల్లు చూస్తే పెద్దది. ఆయన భార్య కన్యకమ్మ వదిన వస్తుందని పడసాల పక్క గదికి సున్నం కొట్టించి పెట్టింది.

జీపు దిగిన వదిన చేతిలో తాడు ఉంది. తాడు కొసన ఎర్రటి ఆడకుక్క. దాని పేరు జింకి. పత్తిమిల్లులో బస్తాల మధ్య దొరికిన కూనను ఆమె భర్త చొక్కాలో పెట్టుకోని తెచ్చినాడంట. ఆయన పోయినాక అది దినాల తరబడి ముద్ద ముట్టలేదంట. దాన్ని ఎవరికో ఇచ్చి రమ్మని అడిగే నోరు కన్యకమ్మకు లేకపోయింది.

ఆమెకూ ఒక కుక్క ఉంది మరి. మోతి. కండ్లు తెరవని కూనప్పుడు గుడ్డను పాలల్లో ముంచి, నోట్లో పిండి బతికించుకున్న కుక్క. అదీ ఆడదే.

మొదటి దినమే కన్యకమ్మ రెండు గిన్నెల్లో సంగటి పెట్టి, రెండిటినీ పక్కపక్కనే ఉంచింది. అక్కాచెల్లెండ్ల మాదిరి తింటాయనుకుంది. గిన్నెలు ఒక దిక్కు ఎగిరిపోయినాయి, కుక్కలు ఒక దిక్కు పొర్లినాయి. అప్పట్నుంచి దినామూ అదే రగడ. భాస్కరయ్య కట్టె తీసుకుంటే ఇంకా రెచ్చిపోయేవి. ఒక పొద్దున వదిన జింకికి దోసె ముక్క ఇస్తాంటే మోతి వచ్చి మీద పడింది. విడిపించబోయి కన్యకమ్మ మధ్యలో చెయ్యి పెట్టింది. మణికట్టులో దిగిన పండ్లు మోతివే.

కరిచినాక తెలిసినట్టుంది దానికి. మంచం కిందికి దూరి, ఎంత పిలిచినా బయటికి రాలేదు. కన్యకమ్మ గాయానికి గుడ్డ కట్టుకోని, ఆ మంచం పక్కనే కూచోని ఏడ్చింది.

బొడ్డు చుట్టూ సూదులు వేయించుకోవల్ల అన్నారు. దినామూ నంద్యాలకు బస్సు. వాసవాంబ ఒక్క దినం కూడా ఆమెను ఒంటిగా పంపలేదు. సద్ది కట్టుకోని వెంట వచ్చేది, సూది వేసేటప్పుడు చెయ్యి పట్టుకునేది. ఒక దినం తిరుగు బస్సు శిరివెళ్ల దాటినాక, కిటికీలోకి చూస్తూ చెప్పింది, నంద్యాలలో ఒక గది మాట్లాడినానని.

"నేను, జింకి ఆడికే పోతాం కన్యకా. నీ ఇంట్లోకి నేను గొడవ తెచ్చినా."

"కరిచింది నా మోతి వదినా."

"అది దాని ఇల్లు. జింకే కదా వచ్చి పడింది."

"ఇల్లు దానిదేంది? నాది. నువ్వు యాడికీ పోవు. గమ్మున కూచో."

వాసవాంబ గమ్మునే కూచుంది గానీ, ఆళ్లగడ్డ వచ్చేదాకా కొంగు కండ్ల మీది నుంచి తీయలేదు.

మర్నాడు ఇద్దరూ సూది అయినాక పశువుల ఆసుపత్రికి పోయినారు. డాక్టరు అంతా విని, ముందు చేతులు మధ్యలో పెట్టడం మానండమ్మా అన్నాడు. ఒకదానికి ఒకటి కనపడకుండా తిండి పెట్టల్ల. కొట్లాడితే నీళ్లు కుమ్మరించల్ల, కట్టె వద్దు. దినామూ రెండిటినీ ఊరి బయటికి, ఏదీ తనదనుకోని చోటికి నడిపించల్ల. మొదట దూరందూరంగా, తర్వాత కొంచెం కొంచెం దగ్గరగా.

భాస్కరయ్య నడవలో చెక్క తలుపు పెట్టించినాడు. సూదులు అయిపోయినాక ఆడోళ్లిద్దరూ పొద్దున్నే పంటకాలవకు పోయేది మొదలుపెట్టినారు. ఈ గట్టున మోతితో కన్యకమ్మ, ఆ గట్టున జింకితో వాసవాంబ. మధ్యలో నీళ్లు. కుక్కలు మొదట మొరిగినాయి, తర్వాత గుర్రుమన్నాయి, ఆ తర్వాత గడ్డి వాసన చూసుకుంటూ నడిచినాయి. వీళ్లకు మాట్లాడుకోవల్లంటే గట్టిగా అరవక తప్పదు. భర్త పోయిన దినం గురించి ఇంట్లో ఒక్క మాటా అనని వాసవాంబ, ఆ గట్టు మీది నుంచి అంతా చెప్పింది. గడ్డి కోస్తున్నోళ్లు కూడా కొడవండ్లు ఆపి విన్నారు.

వానలు వెనకబట్టినాక నలుగురూ ఒకే గట్టున నడిచినారు.

అట్లని అవి స్నేహితులేం కాలేదు. తిండి వేళకు నడవ తలుపు పడాల్సిందే. ఒకసారి మళ్లీ కలబడితే కన్యకమ్మ బిందెడు నీళ్లు కుమ్మరించింది. అవి విడిపోయినాయి గానీ, ఇస్త్రీ పంచెతో అంగడికి బయల్దేరిన భాస్కరయ్య నిలువునా తడిసినాడు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం మోతి తలవాకిట్లో అడ్డంగా, ఎండకు పడుకోనుంది. జింకి వచ్చి కొంచెంసేపు నిలబడి, మెల్లగా దాని పక్కనే ఒదిగింది. మోతి ఒక కన్ను తెరిచి చూసి, తోక కొంచెం పక్కకు తీసుకుంది. అంతే. కన్యకమ్మ సైగ చేసి వదినను పిలిచింది. ఇద్దరూ కదిలితే ఏమవుతుందోనని అట్లే నిలబడిపోయినారు.

అన్నానికి వచ్చిన భాస్కరయ్యను చూసి వాసవాంబ నోటి మీద వేలు పెట్టుకోని, దొడ్డిదారిన రమ్మని చెయ్యి ఊపింది. ఆయన చెప్పులు చేతిలో పట్టుకోని ఇల్లు చుట్టి వచ్చినాడు.