మందుల గడి

కోడలు చెప్పాల్సిన జవాబు అత్త చెప్పింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

పసివాడు పుట్టిన మూడో రోజున, మడమ మీద సూదితో గుచ్చి నాలుగు రక్తపు చుక్కలు అట్టకి అద్దారు. తాగిన పాలు ఒంటికి పట్టనివ్వని లోపం పుట్టుకతోనే ఉంటే ఆ చుక్కల్లో తెలుస్తుంది.

"తల్లి ఏమైనా మందులు వాడుతోందా?" అని నర్సు అడిగింది.

"మందులా! రాళ్ళు తిన్నా అరిగించుకునే పిల్ల మా కోడలు," అంది అత్త.

అట్ట మీది మందుల గడిలో 'లేవు' అని పడింది. కోడలు దాన్ని దిద్దించలేదు. బలం బిళ్ళల సీసాలో పోసుకుని రోజూ మింగేవి హెచ్.ఐ.వి. మందులని మొగుడికీ, కాన్పు చేసిన డాక్టరమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు మరి.

పదో రోజున ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. చుక్కల్లో తేడా ఉందట. అత్తాకోడళ్ళిద్దరూ బిడ్డనెత్తుకుని పరుగెత్తారు.

"నిజంగా లోపమే అయితే తల్లిపాలు ఆపి వేరే పాలు పట్టాలి," అంది నర్సు. "కానీ తల్లి మింగే కొన్ని మందులు కూడా ఇలా లెక్క తప్పిస్తాయి. అందుకే మళ్ళీ అడుగుతున్నా."

అత్త నోరు తెరిచింది.

"మీరాగండత్తయ్యా."

"ఏమే, నా నోటికే తాళమా?"

"వాడుతున్నానండీ," అంది కోడలు నర్సుతో. "హెచ్.ఐ.వి.కి."

నర్సు 'లేవు' కొట్టేసింది.

అత్త కోడలివైపు తిరిగింది. "ఆ బలం బిళ్ళలేనా?"

"అవునత్తయ్యా."

"వాడూ అవే మింగుతున్నాడుగా. మొగుడూ పెళ్ళాలకి ఒకేసారి బలం తగ్గిందేమిటా అనుకున్నా. నాకు చెబితే ఊరంతా చాటింపు వేస్తాననా?"

కోడలు తల దించుకుంది.

"వేసేదాన్నేలే," అంది అత్తే. బిడ్డవైపు చూసి, "మరి వీడికీ..."

"అది వేరే పరీక్ష. ఆరో వారంలో చేస్తారు," అంది నర్సు. "ముందు ఇది మళ్ళీ చేయాలి. మడమ చల్లగా ఉంది, రక్తం దిగదు. కాస్త వెచ్చబెట్టండి."

కోడలు పసికాలు పట్టుకుంది. అత్త గోడవైపు చూస్తూ కూర్చుంది. బిడ్డ కెవ్వుమన్నాడు.

"ఇటివ్వవే," అంది అత్త, రెండు చేతులూ చాచి. "వాడి కాలికంటే నీ చేతులే చల్లగా ఉన్నాయి."