నాచుకు నీళ్ళు

అక్క చాలా ఏళ్ళు బడిలో రసాయనశాస్త్రం చెప్పింది. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు హెడ్ కానిస్టేబుల్. రిటైరయ్యాక కంటి నడిమి చూపు పోయింది. ఎదుట నిలబడ్డ మనిషి ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ, అంచుల్లో మసక మసకగా రంగులు, అంతే. అయినా ఇంటి మీద ఆమె పెత్తనం పిసరంత తగ్గలేదు. కర్టెన్లు కుట్టే దుకాణంలో పనిచేసే చెల్లెలు, పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆ పెత్తనం కిందే యాభై దాటింది.

ఆర్కిడ్లు పెంచాలన్న సరదా అక్కది. సీసాలో జెల్లీ మీద మొలిపించిన నారు తెప్పించింది. ఒక్కో మొక్క గోరంత. చెల్లెలు సీసా జాగ్రత్తగా పగలగొట్టి, వేర్లకు అంటిన జెల్లీని గోరువెచ్చని నీళ్ళలో కడిగి, బూజు పట్టకుండా మందునీళ్ళలో ముంచి, తడి నాచు నింపిన గిన్నెల్లో ట్వీజరుతో ఒక్కొక్కటీ నాటింది. గిన్నెలన్నీ మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, గాలి ఆడేందుకు చిన్న ఫ్యాను బిగించారు. క్రిమి అన్నది ఎరగకుండా సీసాలో పెరిగిన మొక్కలవి. పొడిగాలి తగిలితే వాడిపోతాయి, తేమ ఎక్కువైతే కుళ్ళుతాయి. అన్నీ కుదిరినా పువ్వు చూడటానికి ఏళ్ళు పడుతుంది.

మొదటి వారంలోనే రెండు మొక్కలు మొదలు దగ్గర నల్లబడి జావయ్యాయి.

"నీ చేతిలో ఏది బతికింది గనక," అంది అక్క. "వచ్చిన సంబంధాలూ ఇలాగే కుళ్ళిపోయాయి."

 ఆ తర్వాత చెల్లెలు చచ్చిన మొక్కల సంగతి చెప్పడం మానేసింది. తిట్లు తప్పుతాయన్నదే అప్పటికి ఆమె ఆలోచన. "చేత్తో ముట్టుకోకక్కా, చెమట తగిలితే పాడవుతాయి," అని కూడా ఓ మాట వేసి ఉంచింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, అక్క కునుకు తీస్తుండగా, కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కిటికీ పక్కనున్న పెట్టె లోపల ఉడికిపోయింది. చెల్లెలు పని నుంచి వచ్చి మూత తీసేసరికి మిగిలినవన్నీ ఉడికిన ఆకుల్లా వాలిపోయి ఉన్నాయి. ఏరి చెత్తబుట్టలో పారేసింది. నాచు మాత్రం తడికి పచ్చగా చిగిర్చింది. ఆ పచ్చదనం అక్క కంటి అంచుకు ఆనింది.

"ఎలా ఉన్నాయే?"

"మూడో గిన్నెలోది కొత్త ఆకు వేస్తోందక్కా."

అక్క ముఖం విప్పారింది. అది చూసి చెల్లెలికి జాలి కలగలేదు. ఎన్నడూ లేనంత హాయిగా అనిపించింది.

అప్పటినుంచి రోజుకో ఆకూ వేరూ కల్పించి చెప్పసాగింది. అక్క ఉదయాన్నే పిచికారీ పట్టుకుని ఉత్త నాచును తడిపేది. "ఏం తల్లీ, దాహమేసిందా," అని చెల్లెలితో ఎన్నడూ మాట్లాడని గొంతుతో పలకరించేది. చెల్లెలు పై వాటా ఆవిణ్ణి టీకి పిలిచి, గుమ్మంలో నిలబెట్టి ఆ తతంగమంతా చూపించింది. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వుకున్నారు.

వానలు మొదలయ్యాక ఫ్యాను మొరాయించింది. చెల్లెలు దుకాణంలో ఉండగా అక్కే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది.

"మొక్కలు నలగకుండా చూడు బాబూ."

"మొక్కలెక్కడున్నాయమ్మా? ఉత్త నాచేగా."

అతన్ని పంపేసి, అక్క ఒక్కో గిన్నెలోనూ వేళ్ళు అడుగంటా దించి తడిమింది.

చెల్లెలు వచ్చేసరికి ఆమె బల్ల దగ్గర కూర్చుని ఉంది. గోళ్ళ నిండా నాచు.

"ఎప్పుడు పోయాయి?"

"ఎండాకాలంలో."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పావే, ఆకులనీ వేర్లనీ?"

"నువ్వు నీళ్ళు చల్లుతుంటే చూడ్డానికి బాగుండేది."

అక్క నిదానంగా చేతులు తుడుచుకుంది.

"గడియారాలు బాగుచేసే అబ్బాయి గుర్తున్నాడా? నువ్వు నచ్చలేదన్నాడని నెలల తరబడి ఏడ్చావు. అతను అలా అనలేదు. రెండుసార్లు మన గుమ్మం ఎక్కాడు. నీకు మూర్ఛ జబ్బని చెప్పి పంపించేశాను."

చెల్లెలు బల్ల మీదికి వంగింది. 

"అబద్ధం."

"అయ్యుండొచ్చు."

మర్నాడు చెల్లెలు పనికి ఎగనామం పెట్టి ఆ గడియారాల దుకాణం వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన పోయి చాలా కాలమైందని కౌంటర్‌లో ఉన్న అమ్మాయి చెప్పింది. ఇక నిజం తెలిసిన మనిషి అక్క ఒక్కతే.

ఆమె కంట్లో చుక్కలమందు వేస్తూ చెల్లెలు రోజూ అడుగుతుంది, బతిమాలుతుంది. అక్క రెప్ప ఎత్తిపట్టుకుని, చుక్క పడేదాకా ఓపిగ్గా ఆగి, "రేపు అడుగు," అంటుంది.