అమ్మోరి మెట్రో స్టేషన్

త్రినాథ్ హైదరాబాదులో రెండు రోజులుండి, మెట్రో రైలు ఒక్కసారి ఎక్కి వచ్చాడు. ఆ ఒక్కసారికే ఊరికి తిప్పలొచ్చి పడ్డాయి. ఈ ఏడు ఊరి అమ్మవారు గైరమ్మ సంబరానికి పందిరి వద్దు, మెట్రో స్టేషన్ సెట్టింగే వేయాలని పట్టుబట్టాడు. కమిటీ ప్రెసిడెంటు కూడా అతనే. ఇంక కాదనేదెవరు?

శ్రీకూర్మం వెళ్లే దారిలో, మూడు వీధులు కలిసే చోట కట్టారు దాన్ని. కూర్మమ్మ కాపురానికొచ్చిన కొత్తలో అక్కడ తాటాకు పందిరి వేసేవారు. తరవాత టార్పాలిన్లు వచ్చాయి. ఆ పైన త్రినాథ్ తండ్రి ఓ ఏడు విమానం కట్టించాడు. వానకి దాని రెక్కలు ఊడి ఎవరి బండి మీదో పడ్డాయి. పైన ఏ వేషం వేసినా, పుట్టమన్నుతో అమ్మవారిని చేసే అరుగు మాత్రం నేల మీదే, అదే చోట ఉండేది.

మొదటి ముర్రాట, అంటే వేపమండలేసిన పసుపునీళ్ల కుండ, కూర్మమ్మ ఇంటిది. అది అమ్మవారి ముందు పోశాకే మిగతా ఆడవాళ్లు పొయ్యాలి. అత్తగారు పోయాక ఆ కుండ ఆమె నెత్తికెక్కింది. ఊళ్లో తనకున్న గౌరవమంతా ఆ కుండలోనే ఉందని కూర్మమ్మకి బాగా తెలుసు.

సంబరం ముందురోజు పొద్దున్నే చూడ్డానికి వెళ్లింది. వెదురు బొంగులకి గోనె చుట్టి, సిమెంటు రంగు పూసి స్తంభాలన్నారు. కింద రోడ్డు, దానిపైన టికెట్ల హాలు, అన్నిటికీ పైన ప్లాట్‌ఫారం. రైలు లేదు, రైలు ఫ్లెక్సీ ఉంది. గోడకి 'స్టేషన్ చరిత్ర' అని బోర్డొకటి. అందులో త్రినాథ్, త్రినాథ్ తండ్రి, త్రినాథ్ తాత. నిన్న కట్టిన గోనెగుడ్డలకి మూడు తరాల చరిత్ర!

"అమ్మోరేదిరా?" అంది కూర్మమ్మ, అక్కడే ఉన్న త్రినాథ్‌తో.

"పైన, పెద్దమ్మా. ముందు మద్దినున్న టికెట్ల హాల్లో పెడదామనుకున్నాం. అమ్మోరి నెత్తి మీద జనం నడుస్తారని పూజారి తిట్టీసినాడు. అందికే ప్లాట్‌ఫారం మీద సేయించీసినాం."

"మరి నానెలాగ ఎక్కుతాన్రా? నా మోకాళ్ల సంగతి నీకు తెల్దేటి? ఇదేటి, లిఫ్టా? తియ్యి."

"అది పెయింటింగు." త్రినాథ్ నవ్వాడు. "నీకెందుకీ తిప్పలు? పైన మా ఝాన్సీ పోసెస్తాది. నువ్వు కుర్సీలో కూకోని సూడు."

కూర్మమ్మకి అసలు సంగతి అర్థమైంది. ఝాన్సీ అతని పెళ్లాం. కుండ ఒక్కసారి ఆ గుమ్మం ఎక్కితే మళ్లీ దిగదు.

"సిగ్గు నేదురా? బొమ్మ రైలు, బొమ్మ లిఫ్టు! ఊరందరికీ నిజంగా ఉన్నది అమ్మోరొక్కర్తే. ఆవిణ్ని తీసికెల్లి అటకెక్కించీసినావు!"

మర్నాడు డప్పుల మోత మధ్య కూర్మమ్మ కుండెత్తుకుంది. ఎత్తిన ముర్రాట పొయ్యకుండా దించకూడదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి చూసింది. మోకాలు లేవనంది. ఆమె వెనక ఆడవాళ్ల వరసంతా ఆగిపోయింది. పైన ఝాన్సీ కుండతో సిద్ధంగా నిలబడి ఉంది. త్రినాథ్ మైకులో, మెట్రో రైల్లో చెప్పినట్టే, "తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి" అని రెండుసార్లు చెప్పి, "ఝాన్సీ, కానియ్యి" అన్నాడు.

కూర్మమ్మకి ఏడుపొచ్చింది. ఏడిస్తే వాడికి పండగే. మెట్టు మీంచి కాలు తీసి, చుట్టూ చూసింది. పాత అరుగు తవ్వేసిన చోటే, నడిమి స్తంభం పాతారు. నెమ్మదిగా దాని దగ్గరికి నడిచి, కుండ వంచి, స్తంభం మొదట్లో నీళ్లు పోసింది.

"ఏటి సేస్తన్నావు పెద్దమ్మా! అది పిల్లరు!" మైకు కీచుమంది.

"నీకు పిల్లరు. నువ్వు పుట్టకముందు నుంచీ అమ్మోరు కూకున్న సోటిది. నాకు సెప్తావేటి?"

వెనకున్న దుర్గాభవాని వచ్చి తన కుండ అక్కడే వంచింది. ఆమె వెనకామె కూడా అంతే. సిమెంటు రంగు పసుపునీళ్లతో కలిసి కాలవ కట్టింది. గోనె జారి, లోపలి బొంగులు బయటపడ్డాయి. "ఆపండి, ఆపండి" అని త్రినాథ్ అరుస్తూనే ఉన్నాడు.

కాసేపటికి ఝాన్సీ నిండుకుండ నెత్తిన పెట్టుకుని, మొగుడు పిలుస్తున్నా తిరిగి చూడకుండా ఒక్కో మెట్టూ దిగి వచ్చింది.

"అత్తా, నన్నెక్కడ నిలబడమంతావు?"

"అందరికంటే ఎనక్కెల్లి నిలబడు" అంది కూర్మమ్మ.