కౌసల్యమ్మ కన్ను పండలేదు

మా కింది వాటాలో ఉండే లింగస్వామికి పండ్ల గురించి తెలియనిది లేదు. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ అందులోనే పనిచేశాడు. అది ఊరవతలికి పోయాక దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బండి పెట్టుకున్నాడు. మామిడికాయను బొటనవేలితో ఒత్తి ఏ రోజుకు పండుతుందో చెప్పేస్తాడు. ఆ ధీమాతోనే పెళ్లాం కంటికి కూడా వైద్యుడయ్యాడు.

కౌసల్యమ్మ కుడికంటికి శుక్లం వచ్చింది. ఎల్బీనగర్‌లో ఓ ఫంక్షన్ హాల్లో ఉచిత కంటి శిబిరం పెడితే కూతురు జ్యోతిక తీసుకెళ్లింది. ప్రపంచంలో కోట్లమందికి పోనక్కర్లేని చూపు పోతోందని ఒక నాయకుడు మైకులో బాధపడ్డాడు. ఆ బాధ ఆపరేషన్‌కు పట్టే సమయం కన్నా ఎక్కువసేపే సాగింది. డాక్టరమ్మ మాత్రం రెండు ముక్కల్లో, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోమంది. పైసా ఖర్చు లేదంది.

లింగస్వామి ఒప్పుకోలేదు. వాళ్ల నాయనకు పొర బాగా ముదిరాకే తీశారట. అది ఏ కాలం నాటి మాటో అని జ్యోతిక మొత్తుకుంది. ఆయన భార్యను గుమ్మంలో వెలుతురుకు నిలబెట్టి, రెప్ప ఎత్తి చూసి తీర్పిచ్చాడు.

"ఇంక పచ్చిగనే ఉంది. పండనియ్యి."

ప్రతి ఆదివారం అదే పరీక్ష, అదే తీర్పు. బండి మీద మచ్చకాయలు ఏరేది కౌసల్యమ్మే. మచ్చ కనిపించక ఒక కాయ గిరాకీ సంచిలో పడితే మాత్రం, కండ్లు కనబడ్తలేవా అని నలుగురిలో తిట్టేవాడు. నాకు ఒళ్లు మండేది. ఏదన్నా అనబోతే నవ్వి, ఓ బంగినపల్లి చేతిలో పెట్టేవాడు.

మామిడిపండ్ల కాలం ముగిసేలోపే ఆ కన్ను ఎర్రబడి, తల పగిలిపోయేంత నొప్పి లేచింది. దవాఖానలో డాక్టర్ చూసి, శుక్లం మరీ ముదిరి కంట్లో ఒత్తిడి పెరిగిందని, లోపలి నరం చచ్చిపోయిందని చెప్పాడు. ముందే వచ్చుంటే చూపు దక్కేది, ఇక ఆ కంటికి రాదు. ఎడమకంట్లోనూ శుక్లం ఉంది, దాన్నైనా వెంటనే తీయించమన్నాడు.

ఇంటికొచ్చాక లింగస్వామి ఆమెను మళ్లీ గుమ్మంలో వెలుతురుకు నిలబెట్టాడు. అలవాటు ఊరుకోనిస్తుందా? ఎడమకన్ను చూద్దామని బొటనవేలు చాపాడు. కౌసల్యమ్మ ఆ చేయి పట్టుకుని పక్కకు నెట్టింది.

"ఒక్క కాయ మెత్తబడితే గంపంత దొర్లిచ్చి నాతోని ఏరిపిచ్చెటోనివి. నా కన్ను మురిగేదాంక పండలేదనే అంటివి."

ఆపరేషన్ రోజు జ్యోతికతో ఆటో ఎక్కింది. లింగస్వామి తానూ వస్తానని చెప్పులేసుకున్నాడు.

"బండికాడనే ఉండు," అంది. "ఇయ్యాల్టి సంది మచ్చకాయలు నువ్వే ఏరుకో."