తమ్ముడి చేతి బరువు

వీధిలో అందరూ ఆమెను మిల్లీమీటరమ్మ అంటారు. గిటార్లు తయారుచేసే మనిషికి అంతకంటే మంచి బిరుదేముంటుందని ఆమె కూడా లోలోపల మురిసిపోతుంది. అలాంటి మనిషి కొత్తగా చేసిచ్చిన గిటారును పట్టుకుని సొంత తమ్ముడే "శ్రుతి తప్పుతోందక్కా" అంటే ఒళ్లు మండదా మరి?

అదీ ఒకసారి కాదు, మూడోసారి. శనివారం సాయంత్రం వాడి కచేరీ. ఈసారైనా వాడు ఆ పాత గిటారుతో వేదిక ఎక్కకూడదని ఆమె పంతం. ఆ పాతది ఆమె పంతొమ్మిదో ఏట, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా చేసిన మొట్టమొదటిది. తీగల కింద వేలు దూరేంత సందు ఉండేది. దాన్నే పదకొండేళ్ల తమ్ముడికి కానుకగా ఇచ్చింది. పాతికేళ్లుగా వాడు దాన్ని వదల్లేదు. నలుగురిలో అది కనబడినప్పుడల్లా ఆమెకు తల కొట్టేసినట్టుంటుంది.

"ముల్లు చూడరా," అని శ్రుతి చూపే ట్యూనర్ వాడి ముందు పెట్టింది. పన్నెండో మెట్టు దగ్గర తీగను తాకీ తాకనట్టు పట్టి మీటింది. తర్వాత అక్కడే నొక్కి మీటింది. రెండుసార్లూ ముల్లు నట్టనడుమే నిలిచింది. అడుగున తీగలు ఆనే ఎముక బద్ద సరైన చోట ఉంటేనే ఆ రెండూ కలుస్తాయి. "ఇంకేం కావాలి నీకు? చెవులు కడుక్కుని రా, పో."

"నువ్వు వాయిస్తే బాగానే ఉంటుందక్కా. నా దగ్గరికొచ్చేసరికే..." అని నసిగాడు వాడు. "పోనీలే, శనివారానికి పాతదే పట్టుకెళ్తా."

ఆ మాట ఆమెకు కలుక్కుమంది. "ఇలా కూర్చో. నువ్వే నొక్కు, చూద్దాం."

నొక్కాడు. ముల్లు గీత దాటి పైకి పోయింది. ఇంకో తీగ, అదే తంతు. ఆమె ముల్లును వదిలేసి వాడి చేతిని చూసింది. గోళ్లు తెల్లబడిపోయాయి. తీగ మెట్టు మీద ఆగకుండా కింద చెక్కకు అతుక్కుంటోంది. అంతలా సాగదీస్తే స్వరం పైకి పోక ఏమవుతుంది?

"మేకులు దిగ్గొడుతున్నావా? ఎందుకురా అంత నొక్కుడు?"

"అలాగే అలవాటైపోయింది. అంత నొక్కకపోతే పాతది పలికేది కాదుగా." వాడు నవ్వాడు. "మొదట్లో వేళ్లు పగిలి రక్తమొచ్చేది. అమ్మ గుడ్డ కట్టేది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చేశావు కదక్కా. తప్పు నా వేళ్లదే అనుకున్నా."

ఆమెకు సిగ్గేసింది, అంతకు మించి ఏడుపొచ్చింది. ఆ రోజుల్లో పక్క గదిలో కూర్చుని, తన గిటారు మోగుతోందని ఎంత సంబరపడిందో గుర్తొచ్చింది.

ఎముక బద్దను గాడిలోంచి ఊడబెరికింది. దాని బదులు ఒక్కో తీగ కింద సన్నటి కడ్డీ ముక్క పెట్టి, వాడు నొక్కుతుంటే ముల్లు నడుమకు వచ్చేదాకా దాన్ని వెనక్కి జరుపుతూ, తీగను పొడవు చేసి స్వరాన్ని దించుతూ పోయింది.

"మెల్లగా నొక్కడం నేర్చుకుంటాలే అక్కా."

"నోర్మూసుకుని నీ పద్ధతిలోనే నొక్కు."

ఆరు చోట్లా పెన్సిలు గుర్తు పెట్టుకుంది. గాడి రెండు మిల్లీమీటర్లు వెనక్కి పోవాలి. పాత గాడిని అదే రకం చెక్కతో పూడ్చి, జిగురు ఆరాక, శుక్రవారం కొత్త గాడి చెక్కింది. పూడ్చిన చోట సన్నటి అతుకు కనబడుతూనే ఉంది. మరో గిటారు మీద అలాంటిది ఉంటే మిల్లీమీటరమ్మ అన్నం ముట్టదు. దీని జోలికి మాత్రం పోలేదు.

శనివారం పొద్దున తమ్ముడొచ్చి వాయించాడు. ఎక్కడ నొక్కినా స్వరం కుదురుగా నిలిచింది. వాడు తలెత్తనూ లేదు, ఆపనూ లేదు. చాలాసేపటికి, "నువ్వోసారి వాయించక్కా," అని అందించాడు.

ఆమె అలవాటు కొద్దీ తేలిగ్గా నొక్కింది. ప్రతి స్వరమూ కాస్త కిందికి జారింది.

"అయ్యో, నీకు పలకట్లేదే!" అన్నాడు వాడు కంగారుగా.

"నాకు పలకక్కర్లేదు." గిటారును వాడి ఒళ్లో పెట్టి, వాడి ఎడమ చెయ్యి అందుకుని వేలి కొసలు ఒక్కొక్కటే తడిమి చూసింది. అన్నీ కాయలు కాచి ఉన్నాయి.

"ఇకమీదట నొప్పెడితే నాకు చెప్పరా," అంది.